కోలారు బంగారు గనుల నేలపై పారిశ్రామిక వాడ : మసక భావపటముల గుణదోష విచారణ

కోలారు బంగారు గనుల పట్టణమునకు పోవువారి చూపును ముందుగా నాకర్షించునవి ఆనాటి గనుల ఇనుప గోపురములు గావు, ఊరి నడుమను, ఊరి యంచులను నిలిచిన బోడి దిబ్బలు. గనినుండి తెచ్చిన రాతిని మరలలో పిండిచేసి, ఆ పిండిని సయనైడు ద్రవములో నానవేసి, బంగారమును గ్రహించిన తరువాత మిగిలిన పిప్పి తరతరములుగా పోగుపడి యిట్లు దిబ్బలైనది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారిచే క్రొత్త పద్ధతిని ఆరంభింపబడిన ఈ గనులు 1956లో మైసూరు ప్రభుత్వము చేతికిని, 1962లో కేంద్ర ప్రభుత్వము చేతికిని వచ్చి, 1972 నుండి భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ క్రింద నడచి, 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. సుమారు 800 టన్నుల బంగారము తరలిపోయినది. సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పిప్పి 13 దిబ్బలుగా అక్కడనే నిలిచినది.

ఈ నేలకు క్రొత్త జీవనోపాయము చూపవలెనను ఆలోచనలు మూతపడిన నాటినుండి సాగుచునే యున్నవి. భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ తనకు వినియోగము లేక విడిచిన సుమారు 970 ఎకరముల భూమిలో పారిశ్రామిక వాడ నెలకొల్పవలెనని కర్ణాటక ప్రభుత్వము తలపెట్టినది. బెంగుళూరునుండి చెన్నపట్టణమునకు పోవు నూతన రహదారి మాలూరు, బంగారుపేట, బేతమంగలముల మీదుగా సాగుటచేత ఆ తలంపునకు బలము చేకూరినది. ఒకసారి గాయపడిన నేల గనుక ఇచట వెలయు వాడ మామూలు వాడ కారాదనియు, ఒకరి వ్యర్థము మరియొకరికి ముడిసరుకగునట్టి పర్యావరణ పారిశ్రామిక వాడ కావలెననియు కోరుట సహజము. అట్టి వాడవలన నీటికి, గాలికి, పనిపాటలకు, జనుల ఆరోగ్యమునకు కలుగు ఫలితములను ముందుగా నూహించుటకు నేటి పరిశోధకులు తరచుగా చేపట్టు సాధనములలో ఫజీ కాగ్నిటివ్ మ్యాప్ అనునది యొకటి. దానిని తెలుగున మసక భావపటము అనవచ్చును. ఈ పటము కోలారు నేలపై పరచినచో ఏమి చూపును, ఏమి దాచును అనునదే ఇచటి విచారణ.

ఇది తెలుగువారికి దూరపు విషయము కాదు. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడువారు అధిక సంఖ్యాకులు. ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతముల పల్లెలలో ఇంటిమాట తెలుగు, కచేరిమాట కన్నడము. గనులలో పనిచేసినవారు ఆర్కాటు జిల్లాలనుండియు, చిత్తూరు సీమనుండియు వచ్చి కాలనీలలో స్థిరపడినవారు. కోలారు బంగారు రాతిపట్టి దక్షిణముగా చిత్తూరు జిల్లాలోనికి సాగి, అక్కడి చిగురుగుంట గని కూడ ఆ సంస్థ క్రిందనే నడచి మూతపడినది.

పర్యావరణ పారిశ్రామిక వాడ యను భావమునకు మూలముగా చెప్పబడునది డెన్మార్కులోని కాలుండ్‌బోర్గ్ పట్టణము. అక్కడ విద్యుత్కేంద్రపు ఆవిరి ఇతర కర్మాగారములకును ఇండ్లకును, దాని పొగగొట్టములనుండి దిగిన గంధకపు మడ్డి జిప్సముగా మారి గోడపలకల కర్మాగారమునకును పోయెడివి. దీనిని ఎవరును ముందుగా పటము గీసి కట్టలేదు. 1961లో నూనెశుద్ధి కర్మాగారమునకు సరస్సునుండి నీటి గొట్టము వేయుటతో మొదలై, ఇరుగుపొరుగు సంస్థలు లాభము చూచుకొని ఒక్కొక్కటిగా కుదుర్చుకొన్న యొప్పందములే కాలక్రమమున వ్యవస్థ యైనవి. 1989లో ఫ్రాష్, గాలోపౌలోస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పరిశ్రమలు కూడ అడవివలె ఒకదాని శేషమును మరియొకటి భుజించునట్లు ఉండవచ్చునని వ్రాసిన పిమ్మట ఈ భావము లోకమున వ్యాపించినది. అంత దూరము పోనక్కరయు లేదు. మైసూరు దగ్గరి నంజనగూడు పారిశ్రామిక ప్రాంతమును పరిశీలించి 2010లో ప్రకటించిన యధ్యయనమున, అక్కడ పుట్టు వ్యర్థములలో దాదాపు అన్నియు ఏదో యొక రీతిని తిరిగి వినియోగమునకు వచ్చుచున్నట్లు తేలినది. అందులో అధిక భాగము పుట్టిన కర్మాగారములోనే వినియోగపడునది. చెరకు పిప్పిని బాయిలరులో మండించుటకు ఈ దేశమున ఎవరును ఉపదేశము చేయనక్కరలేదు గదా.

ఇక భావపటము సంగతి. 1976లో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అను రాజనీతి శాస్త్రజ్ఞుడు నాయకుల మనస్సులలోని కార్యకారణ భావములను బాణములతో చిత్రించు పద్ధతిని ప్రచారము చేసెను. ఇది పెరిగిన అది పెరుగునను చోట ధనము, తగ్గునను చోట ఋణము, అంతియే. మానవుని మాట అంత కచ్చితముగా నుండదు. “వానలు బాగుగా పడిన బావి కొంచెము నిండును, చెరువు నిండిన మిక్కిలి నిండును” అని రైతు చెప్పినపుడు ఆ “కొంచెము”నకును “మిక్కిలి”కిని తేడా కలదు. 1965లో లత్ఫీ జాదే ప్రతిపాదించిన మసక సమితుల సిద్ధాంతము ఇట్టి మాటలకు సున్నకును ఒకటికిని నడుమ విలువ నిచ్చినది. 1986లో బార్ట్ కాస్కో ఈ రెండింటిని కలిపెను. పటములోని ప్రతి యంశమునకు సున్ననుండి ఒకటివరకు విలువ. ప్రతి బాణమునకు ఋణము ఒకటినుండి ధనము ఒకటివరకు బలము. ఒక యంశమునకు వచ్చు బాణములన్నిటి బలమును వాని మూలాంశముల విలువలతో గుణించి, కూడి, ఆ మొత్తమును ఒక వంపు రేఖలోనుండి వడగట్టి మరల సున్న, ఒకటుల మధ్యకు తెచ్చెదరు. ఈ లెక్కను మరల మరల చేయగా విలువలు కదలుట మాని యొకచోట నిలుచును. లేదా కొన్ని స్థితులలో చక్రమువలె తిరుగుచుండును. వాడ యను అంశమును ఒకటి యొద్ద బిగించి యొకసారి, సున్న యొద్ద బిగించి యొకసారి లెక్క నడపి, రెండు ఫలితముల భేదమును వాడ ప్రభావముగా ప్రకటింతురు.

ఈ పద్ధతికి మెచ్చదగిన గుణము లేకపోలేదు. కొలతలు లేనిచోట పనిచేయును. ప్రభుత్వ నివేదికలలో గుళికలవలె మింగవలసిన నిర్ణయము బాణములుగా విడిపోయి, ఏ బాణమును ఎవరు ఏల గీసిరో అడుగుటకు వీలిచ్చును. ఇంజనీరును కూలివానిని ఒకే కాగితము ముందు కూర్చుండబెట్టును. టర్కీ దేశమున రైతులు, జాలరులు, అధికారులు వేరువేరుగా గీసిన పటములను పోల్చి ఓజెస్మీ దంపతులు 2004లో ప్రకటించిన పరిశోధనము ఈ గుణమునకు మంచి యుదాహరణము. దోషములు పద్ధతి పుట్టుకలో కంటె దానిని వాడు తీరులో హెచ్చుగా నున్నవి. అయినను ఒకటి మాత్రము గణితములోనే యున్నది. దానిని తరువాత చూతము.

పలువురి పటములను కలిపి యొక సామాన్య పటము చేయుట వాడుక. ప్రతి బాణమునకు అందరు చెప్పిన బలముల సగటు తీయుదురు. కోలారు జిల్లాలో ఈ సగటు ఎంత మోసకారియో చూపుటకు చెరువుల నీటి కథ చాలును. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల, చల్లఘట్ట లోయలనుండి గొట్టములద్వారా కోలారు చెరువులకు పంపు పథకము 2018లో ఆరంభమైనది. దినమునకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు ఆ పథకపు లక్ష్యము. పెద్ద యూరి వ్యర్థము ఎండిన జిల్లాకు ముడిసరుకగుట. ఇంతకంటె పెద్ద పారిశ్రామిక సహజీవనము ఈ ప్రాంతమున మరియొకటి లేదు. అదే సంవత్సరము జూలైలో లక్ష్మీసాగరము చెరువున తెల్లని నురగ తేలినది. ఆ నెలలోనే రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమును, 2019 జనవరిలో సుప్రీం కోర్టును తాత్కాలికముగా నిలుపుదల చేసినవి. పిమ్మట నీరు మరల పారినది. అనేక గ్రామములలో బోరుబావులలో నీటిమట్టము పైకి వచ్చినది. రెండవ దశవరకే శుద్ధి చేసిన నీరు చాలదు, మూడవ దశ శుద్ధి కావలెనను కోరిక మాత్రము విడువలేదు.

ఇప్పుడు ఈ జిల్లాలో పదిమందిని కూర్చుండబెట్టి, “శుద్ధిచేసిన మురుగునీటినుండి సాగు మేలునకు బాణము గీయుడు” అని కోరినారనుకొందము. ఎండిన బోరు మరల పలికిన యైదుగురు ధనము 0.8 వ్రాయుదురు. నురగ చూచిన యైదుగురు ఋణము 0.8 వ్రాయుదురు. సగటు సున్న. పటములో సున్న యనగా సంబంధము లేదని యర్థము. ఆ బాణము చెరిగిపోవును. ఏ విషయమును గూర్చి జనులు మిక్కిలి గట్టిగా, మిక్కిలి అనుభవముతో మాట్లాడిరో అదియే పటమునుండి మాయమగును. ఏమియు తెలియని పదిమంది “తెలియదు” అని చెప్పినను వచ్చునది ఆ సున్నయే. పరస్పర విరోధమును అజ్ఞానమును ఒకే యంకెగా చూపు సాధనముతో వివాదమున్న నేలను కొలుచుట ప్రమాదము. ఇట్టి చోట్ల రెండు పక్షముల పటములను కలుపక వేరువేరుగా నడపి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన ముద్రించుట న్యాయము. అట్లు చేసినవారు లేకపోలేదు. కాని నివేదిక సంగ్రహమునకు వచ్చుసరికి ఒక్క పటమే మిగులుట తరచుగా జరుగును.

రెండవ దోషము గణితములోనిది. అది కోలారునకు మరింత గట్టిగా తగులును. పైన చెప్పిన వంపు రేఖలలో మిక్కిలి వాడుకలో నున్నది లాజిస్టిక్ అనబడునది. దానికొక వింత గుణము కలదు. దానిలోనికి సున్న పంపిన 0.5 బయటికి వచ్చును. అనగా ఏ కారణమును లేని యంశము కూడ తనంతట తాను సగము విలువకు చేరి కూర్చుండును. కారణము లేకయే సగము సంపద! ఇట్టి గని దొరికినచో కోలారు మూతపడవలసిన పనియే యుండెడిది కాదు. దీనికంటె గంభీరమైనది మరియొకటి. రేఖ వాలు మందముగాను, బాణముల బలములు మితముగాను ఉన్నచో, లెక్క ఏ విలువలతో మొదలిడినను చివరకు ఒకేయొక స్థానమున నిలుచునని గణితవేత్తలు నిరూపించియున్నారు. వాలు 1 అయి, బలముల వర్గముల మొత్తమునకు వర్గమూలము 4కు లోబడియున్నచో ఇట్లు తప్పక జరుగును. పటము చిన్నదైనను, బాణములు పలుచనైనను ఈ నిబంధన సులభముగా నెరవేరును. అనగా ఆరంభమున నేల పచ్చగా నున్నదా, విషపూరితమై యున్నదా యను ప్రశ్నకు లెక్కలో తావు లేదు. పటము గతమును మరచును.

చిన్న యుదాహరణముతో దీనిని స్పష్టపరుపవచ్చును. ఇందలి యంకెలు కేవలము దృష్టాంతమునకే గాని కొలతలు గావు. “గాలి స్వచ్ఛత” యను అంశమునకు వాడనుండి, అందు నాటు చెట్లవలన, ధనము 0.4 బాణము వచ్చుచున్నదనుకొందము. దిబ్బలను పటములో చేర్చలేదు. వాడ లేనపుడు గాలి విలువ 0.50, వాడ వచ్చినపుడు 0.60. గాలి మొదట శూన్యముగా నున్నదని మొదలిడినను, నిండుగా నున్నదని మొదలిడినను, రెండింటను ఫలితమొక్కటే. ఇప్పుడు దిబ్బలను ఒక యంశముగా చేర్చి, అవి ఎన్నటికిని కదలని వని ఒకటి యొద్ద బిగించి, గాలికి ఋణము 0.7 బాణము గీసిన, వాడ లేనపుడు 0.33, వాడ వచ్చినపుడు 0.43. రెండు పటములలోను వాడ చేసిన మేలు దాదాపు ఒకటే: 0.10, 0.09. నివేదికలలో అచ్చగునది ఈ భేదము మాత్రమే. ఒకచోట గాలి సగమునకు పైబడినది, మరియొకచోట వాడ కట్టినను సగమునకు చేరలేదు. భేదమును మాత్రమే చదువు అధికారికి రెండు పటములును ఒకటే. ఊపిరి పీల్చువానికి ఒకటి కాదు.

కొందరు లాజిస్టిక్ రేఖకు మారుగా సున్నకు సున్ననే యిచ్చు రేఖను వాడుదురు. మరికొందరు ప్రతి యంశమునకు దాని పూర్వపు విలువను కొంత కలుపుదురు. మొదటిది సగము సంపద వింతను పోగొట్టును, రెండవది మరపును కొంత ఆలస్యపరచును. అయినను గతము పటములోనికి నిజముగా వచ్చుటకు ఉపాయమొక్కటే: దానిని ప్రత్యేకాంశముగా వ్రాసి, కదలకుండ బిగించుట. ఆ పని గణితము చేయదు, పటము గీయువాడు చేయవలెను. క్రొత్త పరిశ్రమను గూర్చి అడిగినపుడు క్రొత్త పరిశ్రమ సంగతులే చెప్పుట మానవ స్వభావము. “వాడవలన ఏమేమి మారును?” అను ప్రశ్నకు మారనిది ఎవరికిని తట్టదు. దిబ్బ మారదు. గాలి కాలమున ఇంటిలోనికి వచ్చు దుమ్మును, గనిలో రాతిపొడి పీల్చి రొమ్ము చెడిన వృద్ధుని దగ్గును ఆ కాలనీవారు వార్తగా చెప్పరు, ఏలనన అవి వార్తలు కావు.

మూడవ లోపము గడియారము లేమి. భావపటములో ఒక మెట్టు అనగా ఒక దినమో, ఒక సంవత్సరమో ఎవరును చెప్పలేరు. బాణములన్నియు ఒకే మెట్టున ఒకే వేగముతో పనిచేయును. గనులు మూతపడుట ఒక్క ఫిబ్రవరి దినమున జరిగినది. దాని ఫలితము నేటికిని సాగుచున్నది. కాని ఈ లోపమును మిక్కిలి బాగుగా చూపునది దిబ్బల ఇటుకల విషయము. దిబ్బల పిప్పితో ఇటుకలు చేయవచ్చునా యని, ఆ కాలమున గనుల పట్టణముననే యుండిన జాతీయ శిలాయాంత్రిక పరిశోధన సంస్థవారు పరీక్షించి 2007లో ప్రకటించిరి. పర్యావరణ వాడ కోరువారికి ఇంతకంటె ముచ్చటైన బాణము దొరకదు. దిబ్బనుండి ఇటుకల కర్మాగారమునకు ధనము, కర్మాగారమునుండి దిబ్బకు ఋణము. దిబ్బ తరుగును, ఇండ్లు లేచును, పని దొరకును. పటములో ఈ చక్రము పది మెట్లలో కుదుటపడి, దిబ్బ విలువ చక్కగా దిగిపోవును.

లెక్క కట్టి చూతము. ఒక ఇటుక 3 కిలోగ్రాములు, అంతయు దిబ్బ పిప్పియే యని పెట్టుకొని, కర్మాగారము దినమునకు లక్ష ఇటుకల చొప్పున సంవత్సరమునకు 300 దినములు పనిచేసినను, సంవత్సరమునకు వాడునది 90,000 టన్నులు. 3 కోట్ల 30 లక్షల టన్నుల దిబ్బలు తరుగుటకు సుమారు 367 సంవత్సరములు పట్టును. ఈ గనులు తెరచి మూసిన కాలమునకు అది మూడు రెట్లు. పది కర్మాగారములు పెట్టినను ఒక మనుష్యుని పనికాలమంత. ఇంతలో త్రవ్విన చోటనుండి లేచు దుమ్ము మాత్రము మొదటి దినముననే లేచును. దిబ్బలలో టన్నునకు గ్రామునకు లోపుగా మిగిలిన బంగారము నిమిత్తము వానిని మరల త్రవ్వించు ప్రతిపాదన యొకటి కూడ నున్నది. కేంద్ర ప్రభుత్వము కోరగా 13 దిబ్బలున్న సుమారు వేయి ఎకరములను గూర్చి కర్ణాటక మంత్రివర్గము 2024లో తన సమ్మతి తెలిపినది. బంగారము తీసిన తరువాత కూడ పిప్పి పిప్పిగానే మిగులును. తావు మారును, తూకము మారదు. ఇటుకలవారును బంగారమువారును ఒకే దిబ్బను ముడిసరుకుగా చూచుచున్నారను సంగతి పటములో రావలెనన్న మరియొక బాణము చాలదు. ఏది ముందు, ఏది తరువాత అను క్రమము కావలెను. బాణములకు క్రమము తెలియదు.

ఈ కారణముచేత పద్ధతిని త్రోసిపుచ్చవలెనని కాదు. పటముతో తేలినదానిని కాలముతో కూడిన సామాన్య గణనముతో ప్రక్కన సరిచూచిన చాలును. పైన చేసినట్టి త్రైరాశికము ఎలిమెంటరీ పాఠశాల బాలునకు వచ్చును. మసక గణితము వాడినచోట త్రైరాశికము వాడుట నామోషీ యని పరిశోధకులు తలచుట వింత.

“ఉద్యోగములు” అను ఒక్క పేటికను గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. వాడనుండి ఉద్యోగములకు ధనము 0.9, ఉద్యోగములనుండి క్షేమమునకు ధనము 0.8 అని అందరును వ్రాయుదురు. ఇదే జిల్లాలో నరసాపురము పారిశ్రామిక ప్రాంతమున విస్ట్రాన్ సంస్థవారి ఫోనుల కర్మాగారములో 2020 డిసెంబరు 12న జీతములు సరిగా ముట్టలేదని పనివారు తిరుగబడి ఆస్తి ధ్వంసము చేసిరి. కాంట్రాక్టరులద్వారా తీసికొనబడినవారే వారిలో అధికులు. విచారణ జరిపిన కార్మికశాఖ వేతనములు, పనిగంటల విషయమున ఉల్లంఘనలను కనుగొనినది. ఆ దినమునకు ముందు అక్కడ భావపటము గీసినచో ఉద్యోగముల విలువ ఒకటికి చేరువగా నుండెడిది, నిజముగానే ఉద్యోగములుండినవి. పటములో లేనిది ఎవరు ఇచ్చు ఉద్యోగము, ఎన్ని గంటలు, జీతము ఏ తేదీన అనునది. పేటికను నాలుగుగా చీల్చుటకు పటము ఏ యడ్డమును చెప్పదు. చీల్చుట గీయువాని యోగ్యత.

మిగిలినది నమ్మకము. 2012 నవంబరులో కూడంకుళము అణు విద్యుత్కేంద్రపు వ్యాజ్యమున సుప్రీం కోర్టుకు సమర్పించిన పత్రములో, వాడిన అణు ఇంధనమును భద్రపరచు విషయమున కోలారు గనుల ప్రస్తావన వచ్చినది. పట్టణము అట్టుడికిపోయినది. అట్టి యుద్దేశము లేదని పిమ్మట అధికారులు వివరించిరి. ఈ గనుల లోతున భౌతిక శాస్త్రజ్ఞులు 1965లో వాతావరణమున పుట్టు న్యూట్రినోలను కనుగొనిన కీర్తి యున్నది. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతు శాస్త్రమునకు వరము. ఆ లోతునే మరియొకరు చెత్తబుట్టగా చూడవచ్చునని జనులకు ఆ నెలలో తెలిసినది. ఇతరుల వ్యర్థము మీకు ముడిసరుకు అను పర్యావరణ వాడ మూలసూత్రమును ఇట్టి యనుభవము గలవారికి చెప్పినపుడు, అది వారి చెవికి ఎట్లు వినబడునో ఊహింపవలెను. నమ్మకమను అంశమును పటములో వ్రాయక గీసిన బాణములన్నియు ఇచట బలహీనములే. వ్రాసినను దానికి బలము ఇంజనీరు ఇచ్చుట తగదు. ఏ భాషలో అడిగిరనునది కూడ ముఖ్యము. “నీటి నాణ్యత” యని అడిగిన “బాగున్నది” యను వాడే, “నురగ వచ్చుచున్నదా, పశువులు త్రాగుచున్నవా” యని తన తెలుగులోనో తమిళములోనో అడిగిన వేరు జవాబు చెప్పును. కచేరి భాషలో సేకరించిన పటము కచేరి మనస్సునకు పటము.

ఇట్టి సేకరణకు పోవు బృందములు పగటి వేళ, పని దినములలో పోవుట వాడుక. గనులు మూతపడిన తరువాత ఈ పట్టణమున పనిచేయగల వారిలో వేలకొలది జనులు తెల్లవారకముందే మారికుప్పము, ఊరుగాము, చాంపియన్ స్టేషనులలో రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగుళూరునకు పనికి పోవుదురు. చీకటిపడిన తరువాత ఇల్లు చేరుదురు. క్రొత్త వాడ ఎవరికొరకో వారు పదిగంటల వేళ కాలనీలో దొరకరు. పటము కొరకు కాగితమును రంగు కలములును పట్టుకొని పోవువారు ఆదివారము పోవుట మంచిది, లేదా ఉదయపు రైలులో ఎక్కుట.